పగడపు తొట్టియు, మన మంచినీటి కుండయు



మా అనంతపురపు సీమకు సముద్రము లేదు. ఐనను మా పెద్దలు చెరువులకే సముద్రములనియు సాగరములనియు పేళ్లు పెట్టుకొని తృప్తి నొందిరి. మా పట్టణపు పెద్దచెరువు కట్టకు ఒక కొసను బుక్కరాయసముద్రమును, రెండవ కొసను అనంతసాగరమును వెలసినవనియు, విజయనగరపు బుక్కరాయల కాలమున చిక్కప్ప ఒడయరు వానిని నిర్మించెననియు చెప్పుకొందురు. ఆ అనంతసాగరమే నేటి అనంతపురము. పడమటి కనుమలు నైరృతి మేఘములను అడ్డగించును. ఈశాన్యపు గాలులు తూర్పుతీరమున నీరంతయు గ్రుమ్మరించి మా దాక వట్టిచేతులతో వచ్చును. కావున ఏడాది పొడవునను సగటున 550 మిల్లీమీటర్ల వానయే మాకు దక్కునది. 2022లో మా జిల్లా రెండుగా చీలి శ్రీ సత్యసాయి జిల్లా వేఱయ్యెను గాని, కరవును పంచుకొనుటలో మాత్రము ఇరువురకును తగవు రాలేదు.

ఇట్టి సీమలో బిందెడు నీటి వెల యెఱిగిన ఇల్లాండ్రము మేము. మావంటివారు సముద్రజలమును గూర్చియు, అందు పెరుగు పగడములను గూర్చియు, ఆ నీటిని తేర్చు ఓజోనను వాయువును గూర్చియు వ్రాయబూనుట మీకు వింతగా దోపవచ్చును. మమ్ము ఈ వ్రాతకు పురికొల్పినది సముద్రము కాదు, మా బిడ్డల పలువరుస. అది యెట్లో క్రమముగ మనవి చేసెదము.

గత వేసవి సెలవులలో మా వారి పాఠశాల మూసినంతనే పిల్లలతో గూడ బెంగుళూరున నున్న మా మరిదిగారి యింటికి పోయితిమి. అత్తగారు అప్పటికే అచ్చట నుండిరి. వారి ముందుగదిలో గోడ పొడవునను ఒక గాజుతొట్టి గలదు. నాలుగువందల లీటర్ల నీరు పట్టును. నారింజవన్నె మేని మీద తెల్లని పట్టెలు గల చేపలును, పూవులవలె విచ్చుకొని చేయి కదలినంతనే ముడుచుకొను మెత్తని పగడములును, రాళ్ల సందులలో దాగుడుమూత లాడు చిన్నరొయ్యలును అందు గలవు. రెండేండ్ల మా చిన్నవాడు ఆ తొట్టి యెదుట కూర్చుండి అన్నము సంగతియే మఱచెను.

“ఈ నీరు ఏ సముద్రము నుండి తెచ్చితివి, నాయనా?” అని మేమడిగితిమి.

“సముద్రము నుండి కాదు వదినా, బజారు నుండి” అని మరిది నవ్వెను.

అతడు వివరింపగా మాకు తెలిసిన విషయమిది. మొదట ఆర్.ఓ. యంత్రముచేత నీటిలోని లవణములను తీసివేయుదురు. ఆ శుద్ధజలమున సముద్రలవణముల పొడిని లీటరునకు సుమారు 35 గ్రాముల చొప్పున కలుపుదురు. వేడిమి 25, 26 డిగ్రీల యొద్ద నుండునట్లు చూతురు. ప్రతిదినమును కొంత నీరు ఆవిరియై పోవును. పోవునది నీరే గాని ఉప్పు కాదు. కావున తఱుగును పూరించుటకు మరల ఉప్పునీరు పోయరాదు, బోరునీరు అసలే పోయరాదు. శుద్ధజలమునే పోయవలయును. లేనిచో లవణము దినదినమును పేరుకొని పోవును. ఈ మాట వినినప్పుడు మా సీమ చెరువులును బోరుబావులును మా కన్నుల గట్టినవి. ఎండ నీటిని గొనిపోవును, లవణమును మాకు విడిచిపోవును. ఈ సంగతిని మఱవకుడు. మరల దీని యొద్దకే వత్తుము.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. పగడములు రాళ్లు కావు, ప్రాణులు. మన దేశమున పగడపు దిబ్బలు మన్నారు సింధుశాఖ, పాక్ జలసంధి, కచ్ సింధుశాఖ, లక్షద్వీపములు, అండమాను నికోబారు దీవులు అను చోట్ల గలవు. గోదావరీ కృష్ణలు తెచ్చు ఒండ్రునకును మంచినీటికిని ఓర్వలేక మన తెలుగుతీరమున అట్టి గొప్ప దిబ్బలు ఏర్పడలేదు. దిబ్బలు కట్టు రాతిపగడములను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి అనుబంధమున చేర్చిరి. వానిని కడలి నుండి పెకలించి తెచ్చుటయు, అమ్ముటయు, కొనుటయు నేరము. మా మరిది తొట్టిలో రాతిపగడములు లేవు. పెంపకమున తునుకలు చేసి పెంచిన మెత్తని జాతులే యున్నవి. ఆ పట్టెల చేపలును పెంపకపువే. అట్టివానికి చెఱయందే గ్రుడ్లు పెట్టించి పిల్లలను పెంచు విధమును కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు సాధించియున్నారు. ముచ్చటపడి తొట్టి పెట్టుకొనువారు ఈ యెఱుకతోనే పెట్టుకొనవలెను.

ఇక ఓజోను మాట. పగడముల దేహమున కంటికి కానరాని నాచుమొక్కలు కాపురముండును. అవి వెలుతురును గ్రహించి తాము వండుకొనిన దానిలో పగడమునకును పాలు పెట్టును. కావున నీరు స్వచ్ఛమైననే గాని పగడమునకు కూడు లేదు. చేపలకు వేసిన మేతలో మిగిలినదియు, వాని మలమును, కుళ్లిన నాచును నీట కరగి కొన్ని నెలలకు లేత పసుపువన్నె గూర్చును. ఎదుట నిలిచి చూచువారికి ఆ రంగు తెలియదు. తొట్టికి ఒక కొసను తెల్లకాగితము నిలిపి రెండవ కొస నుండి చూచినచో, చెఱిగిన బియ్యపు కడుగువలె మసకయై పసుపు దేరి యుండును. ఆ మరకను పోగొట్టుటకే మరిది ఓజోను వాడుచున్నాడు.

మనము పీల్చు ప్రాణవాయువున రెండేసి పరమాణువులు జతగూడి యుండును. ఓజోనున మూడేసి యుండును. మూడవది ఆ యింట నిలువని చుట్టము వంటిది. ఎప్పుడు ఎవరి మీద బడుదునా యని చూచుచుండును. నీటిలోని మలినము మీదనో, సూక్ష్మజీవి మీదనో బడి దానిని కాల్చినట్లు ఛేదించి తానును నశించును. విద్యుద్యంత్రముల యొద్ద పుట్టు ఒక వింత వాసనను 1785లోనే వాన్ మారమను హాలెండు దేశీయుడు గుర్తించెను. 1840లో బాసెల్ నగరమున షోన్‌బైనను రసాయన శాస్త్రజ్ఞుడు ఆ వాసనకు మూలమైన వాయువునకు ఓజోనని పేరిడెను. గ్రీకుభాషలో వాసన కొట్టుట అని దాని యర్థము. ఆకాశమున ఎత్తున నిలిచి ఎండలోని చెఱుపుకిరణముల నుండి మనలను కాచునదియు ఈ ఓజోనే. పైనున్నప్పుడు గొడుగు, ముక్కులోనికి పోయినప్పుడు విషము.

దీనిని సీసాలలో నింపి దాచుటకు వీలులేదు. కొద్దిసేపటిలోనే విఱిగి మామూలు ప్రాణవాయువగును. కావున వాడుచోటనే పుట్టింపవలెను. చిన్న పెట్టెలో అధిక విద్యుత్తు దుముకుచుండగా దాని నడుమ నుండి బాగుగ ఎండబెట్టిన గాలిని పంపుదురు. తడిగాలి పంపినచో ఓజోను తగ్గుటయే గాక యంత్రమును తిను ఆమ్లము గూడ పుట్టును. వచ్చిన ఓజోనును తిన్నగ తొట్టిలోనికి వదలరు. ప్రక్కనే యొక గొట్టము నిలిపి, తొట్టి నీటిని కొంచెము కొంచెముగ అందులోనికి రప్పించి, అచ్చట ఓజోను బుడగలతో కలియబెట్టి, పిదప ఆ నీటిని ఉత్తేజిత బొగ్గు మీదుగ నడిపి, అప్పుడు మాత్రమే తొట్టిలోనికి మరల విడుతురు. బుడగలు వెలువడు గాలిని గూడ బొగ్గు మీదుగనే గదిలోనికి వదలుదురు. క్షీరసాగరమథనమున బుట్టిన హాలాహలమును శివుడు మ్రింగలేదు, ఉమియలేదు, కంఠముననే నిలిపెను గదా! ఆ గొట్టము ఈ తొట్టికి కంఠస్థానమని మాకు తోచినది.

ఇంత జాగ్రత్త యేల యన, సముద్రజలమున లీటరునకు సుమారు 65 మిల్లీగ్రాముల బ్రోమైడు గలదు. ఓజోను దానిని తాకినంతనే హైపోబ్రోమస్ ఆమ్లమును, కొంత బ్రోమేటును పుట్టును. ఓజోను త్వరగా నశించును గాని వీని ప్రభావము అంత త్వరగా నశింపదు. సూక్ష్మజీవులను చంపు గుణమే చేపల మొప్పలను గూడ కాల్చును. అందుచేత నూరు లీటర్లకు గంటకు 5 మొదలు 15 మిల్లీగ్రాముల ఓజోను మించకుండ వాడుట మంచిదని ఈ విద్య తెలిసినవారు చెప్పుదురు. నీటిలోని దహనశక్తిని మిల్లీవోల్టులలో చూపు ముల్లొకటి తొట్టిలో వ్రేలాడుచుండును. అది 300, 400ల నడుమ నుండవలెను. మరిది 350 దాటగనే ఓజోను యంత్రము దానంతట ఆగునట్లు అమర్చుకొనెను.

మేమచ్చట నున్న మూడవనాటి రాత్రి ఒక ఉపద్రవము జరిగెను. ఆ ముల్లు కొనకు నాచు పట్టి యుండుటచేత నిజముగ నున్నదానికంటె తక్కువ లెక్క చూపెను. యంత్రము తెల్లవార్లును ఆగక పనిచేసెను. గొట్టపు చివరనున్న బొగ్గు పాతదై బలము ఉడిగి యుండెను. నాలుగవ జామున అత్తగారు దగ్గుచు లేచి, “ఇంట్లో ఏదో ఉరుము పడ్డ వాసన వస్తున్నదే, అమ్మాయీ!” అనిరి. దీపము వేసి చూచుసరికి చేపలు నీటి పైభాగమున నోళ్లు తెఱచి రొప్పుచుండెను. పగడములన్నియు పిడికిళ్లవలె ముడుచుకొని యుండెను. మరిది పరుగున వచ్చి యంత్రమును ఆర్పి, కిటికీలు తెఱచి, క్రొత్త బొగ్గు వేసి, నూరు లీటర్ల నీరు మార్చెను. పట్టెల చేప ఒకటి దక్కలేదు. గాలిలో పదిలక్షల పాళ్లకు పదియవ వంతు పాలు ఓజోను మించినచో దినమంతయు పనిచేయు మనుష్యులకే హానియని నియమమున్నదట. చేప యేమి తాళగలదు?

ఉదయమున కాఫీ త్రాగుచు మేము మరిదిని అడిగితిమి. “ఇంత తంటాలు పడుచున్నావు. ఈ ఓజోనుతో నీ తొట్టిలోని చెడుగంతయు పోవునా?”

“పోదు వదినా. రంగు పోతుంది, వాసన పోతుంది, క్రిములు చాలావరకు చస్తాయి. అంతే. మలము నుంచి పుట్టే నైట్రేటు పోదు. నిజానికి నైట్రైటును నైట్రేటుగా మార్చేది ఇదే. పగడాలు తినేసిన సున్నపు అంశను ఇది తెచ్చివ్వదు. ఎక్కువైన ఉప్పును తీయదు. వాటికోసం పదిహేను రోజులకోమారు నీరు మార్చవలసిందే” అని అతడు చెప్పెను.

ఆ మాట వినగానే మా చేతిలోని గిన్నె అట్లే నిలిచిపోయినది. మా యింటి నీళ్ల క్యాను మా తలపునకు వచ్చినది.

మా పెద్దపిల్ల పసితనమున మా వారు ఒక పల్లెలో ఉపాధ్యాయులుగ నుండిరి. ఆ యూరివారందఱితో పాటు మేమును బోరునీరే త్రాగితిమి. నీరు తేటగనే యుండెను. పిల్లకు ఏడవయేట పాలపండ్లు రాలి క్రొత్తవి వచ్చినప్పుడు వాని మీద సుద్దగీతలవంటి తెల్లని చారలును, నడుమ గోధుమవన్నె మచ్చలును కనబడినవి. ఎంత తోమినను పోవు. అవి పైన అంటిన మరకలు కావు, పన్ను ఏర్పడునప్పుడే లోన కలిగిన దోషము. ఇప్పుడు పదేండ్ల ఆ పిల్ల నవ్వునప్పుడు చేతిని నోటికి అడ్డము పెట్టుకొనును. తల్లి మనస్సు మీకు చెప్పనేల?

కావున చిన్నవాడు పుట్టినప్పటి నుండియు మేము పట్టణమున కాపురముండి, ఇరువది లీటర్ల క్యాను నీరు కొనుచుంటిమి. క్యాను మీద ఓజోనుతో శుద్ధి చేసినదని పెద్ద అక్షరములతో వ్రాసియుండెను. ఆ మాటకు అర్థము తెలియకయే మేము ధైర్యము తెచ్చుకొంటిమి.

ఊరు చేరిన మఱునాడే నీళ్లు వేయువానిని అడిగితిమి. “మావి ఓజోను కొట్టిన నీళ్లమ్మా! ఇంతకన్నా మంచి నీళ్లు యాడ దొరుకుతాయి?” అని అతడనెను. ఆర్.ఓ. పొర గలదా, దానిని ఎప్పుడు మార్చితిరి అనిన, తెలియదని చెప్పెను. తుదకు మా వారు క్యాను నీటిని సీసాలో పట్టి ప్రభుత్వపు నీటి పరీక్షాలయమునకు పంపిరి. వచ్చిన కాగితమున సూక్ష్మజీవులు లేవనియు, ఫ్లోరైడు మాత్రము పరిమితికి మించి యున్నదనియు ఉండెను. ఓజోను తన పని తాను చక్కగనే చేసినది. దాని పని కాని దానిని మేము దాని నుండి ఆశించితిమి.

ఈ ఫ్లోరైడు ఎక్కడి నుండి వచ్చుచున్నది? మా పీఠభూమి గ్రానైటు, నైసు అను రాళ్ల మీద నున్నది. ఆ రాళ్లలో ఫ్లోరైడు గల ఖనిజములు గలవు. వానలు తక్కువయగుటచేత వందల అడుగుల లోతున నీరు చాలకాలము రాతినంటి నిలిచి దానిని కరగించుకొనును. నీట సున్నపు అంశ తక్కువయు క్షారము హెచ్చుగను ఉన్నచోట ఇంకను ఎక్కువ కరగును. పైన ఎండ నీటిని ఆవిరి చేసి మిగిలినదానిని చిక్కబఱచును. మరిది తొట్టిలో శుద్ధజలము పోయనిచో ఉప్పు పేరుకొనునట్లే మా నేలలో ఇది పేరుకొనుచున్నది. తొట్టికి మరిది గలడు. సీమకు వానయే దిక్కు.

ఇది క్రొత్త వ్యాధి కాదు. 1937లో షార్టు, పండిట్, రాఘవాచారి అను వైద్యశాస్త్రజ్ఞులు నాటి నెల్లూరు జిల్లాలోని పల్లెలలో నీటివలన కలుగు ఈ దంతరోగమును ఎముకల రోగమును గూర్చి లోకమునకు వెల్లడించిరి. మన దేశమున దీని చరిత్ర తెలుగునేల మీదనే ప్రారంభమైనది. నల్లగొండ పేరుతో ప్రసిద్ధమైన పద్ధతి, అనగా పటికయు సున్నమును కలిపి ఫ్లోరైడును అడుగునకు దింపు విధానము, గూడ మనవారి కష్టము నుండి పుట్టినదే. లీటరునకు 1 మిల్లీగ్రాము లోపల నుండుట మంచిదనియు, వేఱు నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాముల వఱకు ఓర్చుకొనవచ్చుననియు మన దేశపు ప్రమాణము. అంతకు మించినచో ఎనిమిదేండ్ల లోపు పిల్లల దంతములకు చేటు. మఱింత హెచ్చైన నీరు ఏండ్ల తరబడి త్రాగినవారి కీళ్లును వెన్నెముకయు బిగిసిపోవును. మచ్చ పడిన పన్ను మరల వెనుకటి పన్ను కాదు. కాని మచ్చ పడకుండ కాచుకొనవచ్చును. మా చిన్నవానికి ఇంకను ఆ యదను దాటలేదు.

ఓజోనును నిందించుట మా యభిప్రాయము కాదు. 1893లో హాలెండునందలి ఔడ్‌షూర్న్ అను ఊరను, 1906లో ఫ్రాన్సునందలి నీస్ నగరమునను దీనితో త్రాగునీరు శుద్ధి చేయ మొదలిడిరి. నాటి నుండి అనేక నగరములు వాడుచున్నవి. క్లోరినువలె నీటికి మందువాసన తగిలింపదు. నీటిలో కరగిన ఇనుమును తుప్పుగ మార్చి వడపోతకు చిక్కునట్లు చేయును. మన కోస్తాతీరమున రొయ్యపిల్లలను పొదిగించు కేంద్రములలో కొన్నిట సముద్రజలమును రోగరహితము చేయుటకును ఇది వాడుకలో నున్నది. కాని లవణమును తీయుట దీని ధర్మము కాదు. ఫ్లోరైడు, ఉప్పు, కఠినత్వము, నైట్రేటు, ఇవి నాలుగును ఓజోనుచేత పోవు. పైగా బ్రోమైడు గల బోరునీటిలో ఓజోనును మితిమీరి వదలినచో తొట్టిలో పుట్టినట్లే బ్రోమేటు పుట్టును. త్రాగునీటిలో అది లీటరునకు 10 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టినది.

మా అనుభవము వలన నేర్చినదానిని మీకు మనవి చేయుచున్నాము.

నీరు కొనువారు ఓజోను గలదా యని అడిగి ఊరకుండరాదు. ఫ్లోరైడు ఎంత, ఆర్.ఓ. పొర ఎప్పుడు మార్చితిరి, పరీక్ష కాగితము చూపెదరా యని అడుగవలెను. ఉప్పదనమును చూపు చిన్న మీటరు ఉపయోగమే గాని అది ఫ్లోరైడు ఇంతయని వేఱుగ చెప్పజాలదు. 2019లో ప్రారంభించిన జల జీవన్ మిషన్ క్రింద ఊరికి ఐదుగురు స్త్రీలకు నీటి పరీక్ష నేర్పి పెట్టెలిచ్చు ఏర్పాటు గలదు. మీ పంచాయతీలో ఆ పెట్టె ఎవరియొద్ద నున్నదో విచారింపుడు. లేనిచో మీలో ఒకరు నేర్చుకొనుడు. రంగు మారుటను చూచి చెప్పు పరీక్షయే. పప్పులో ఉప్పు సరిచూడగల చేతికి అది కష్టము కాదు.

నీరు కాచినంత మాత్రమున ఫ్లోరైడు పోదు. కాగి తఱిగిన కొలదియు చిక్కనగును. కాచుట క్రిములకు మందు, దీనికి కాదు. ఇంట ఆర్.ఓ. యంత్రమున్నచో పొరను కాలమునకు మార్పింపుడు. లీటరు మంచినీటికి రెండు మూడు లీటర్లు బయటికి పోవును. మన కరవుసీమలో ఆ నీరు కాలువ పాలు చేయుట పాపము. ఇల్లు తుడుచుటకును మఱుగుదొడ్డికిని వాడుడు. పశువులకు మాత్రము త్రాగింపకుడు, ఏలయన వదలిన ఫ్లోరైడంతయు అందే యున్నది. మిద్దె మీద పడు వాననీటిలో ఫ్లోరైడు మిక్కిలి తక్కువ. మొదటి జల్లును విడిచి, పిదప నీటిని వడకట్టి, మూతగల తొట్టిలో పట్టుకొనినచో వంటకు కొన్నినాళ్లు వచ్చును. 1995, 96 సంవత్సరములలో శ్రీ సత్యసాయి నీటిపథకమువలన మా జిల్లాలో ఏడువందలకు పైగా గ్రామములకు దూరపు నీరు వచ్చినది. అట్టి కుళాయి మీ వీథిలో నున్నచో, రుచి వేఱుగ నున్నదని విడిచి బోరునీరు త్రాగుట తెలివి కాదు. బిడ్డలకు పాలు, పెరుగు, రాగిసంగటి పెట్టుడు. వానిలోని సున్నపు అంశ కడుపులో ఫ్లోరైడును కొంతవఱకు అడ్డగించును. చిక్కని టీనీరు పసివాండ్రకు అలవాటు చేయకుడు, అందును ఫ్లోరైడు గలదు.

ఇంకొక మాట. ఓజోను నీటిలో నిలువదని పైన చెప్పితిమి. శుద్ధియైన నీరైనను మన యింటికి వచ్చిన పిదప దానికి కావలి లేదు. క్యాను మూతి కడుగక, చేయి ముంచి చెంబుతో తీసినచో క్రిములు మరల చేరును. పొడవుకాడ గల ముంత యొకటి నీటికే ప్రత్యేకముగ నుంచుకొనవలెను.

ఇప్పుడు మా యింట కుళాయి నీటినే పట్టి, పరీక్ష చేయించి, వాడుచున్నాము. నీళ్లు వేయువాని మీద మాకు కోపము లేదు. అతడు ఎఱిగిన మాట అతడు చెప్పెను, ఎఱుగని మాటను మేమడుగకపోతిమి. మా వీథిలోని ఇల్లాండ్రము ఎనమండుగురము కలిసి పోయి అడిగిన తరువాత ఆ యంత్రపు యజమాని ఆర్.ఓ. పొర తెప్పించి అమర్చి, నెలకొక పరీక్ష కాగితమును గోడకు అంటించుచున్నాడు. ఒక్కరము అడిగినప్పుడు వినని చెవి ఎనమండుగురము అడిగినప్పుడు వినినది.

మా అమ్మమ్మ నాడు బురదనీటిని తేర్చుటకు చిల్లగింజను అరగదీసి కుండలో వేసెడివారు. చెట్టు పేరు తలచినంతనే నీరు తేరదని మన ధర్మశాస్త్రకారులు ఆ గింజనే దృష్టాంతముగ జూపిరి. ఓజోను సంగతియు నంతియే. క్యాను మీది పేరు నీటిని తేర్పదు. ఏ దోషమునకు ఏ మందో తెలిసి వాడినచో మరిది తొట్టిలో పగడము పూచినట్లు మన యింట ఆరోగ్యము పూచును. తెలియక వాడినచో తెల్లవారుసరికి చేప తేలును.

బుక్కరాయసముద్రపు చెరువుకట్ట తెగనున్నప్పుడు ఊరిని కాచుటకు ముసలమ్మ యను కోడలు తన్ను తాను బలియిచ్చుకొనినదని మా సీమలో కథ గలదు. కట్టమంచి రామలింగారెడ్డిగారు దానినే కావ్యముగ వ్రాసిరి. నాడు నీటి కొఱకు ఒక ఇల్లాలు ప్రాణమిచ్చినది. నేడు మనలను నీరు ప్రాణము కోరుటలేదు. ఒక ప్రశ్న అడుగుమనియు, ఒక సీసా నీరు పరీక్షకు పంపుమనియు మాత్రమే కోరుచున్నది. మా పెద్దపిల్ల నోటికి అడ్డము పెట్టుకొను చేతిని చూచినప్పుడెల్ల మాకు ఆ ప్రశ్న ఆలస్యముగ అడిగితిమను బాధ కలుగును. మీ బిడ్డల విషయమున ఆ యాలస్యము కాకుండుగాక యని మా ప్రార్థన.